తిరస్కరించిన పుల్ రిక్వెస్టులు చదివాకే చెయ్యేశాను

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడు అందరికీ తెరిచిపెట్టి నలుగురూ కలిసి రాసే ప్రాజెక్టుల్లో, కొత్తగా అడుగుపెట్టే వాళ్లకు అందరూ చెప్పేది ఒకటే: "గుడ్ ఫస్ట్ ఇష్యూ అనే లేబుల్ ఉన్నవి వెతుక్కో." ఇష్యూ అంటే ప్రాజెక్టు పేజీలో పెట్టే ఫిర్యాదు, ఆ లేబుల్ ఉన్నవి కొత్తవాళ్లకు తేలికైనవి. నాకు ఆ అవసరం రాలేదు. చెయ్యాల్సిన పని ముందే చేతిలో ఉంది, దాన్ని ఏ ప్రాజెక్టులో చెయ్యాలన్నదే తెగలేదు. కోడ్ రాయడం కంటే అది తెంచుకోవడానికే ఎక్కువ రాత్రులు పోయాయి. పోనివ్వండి, ఆ రాత్రులే నాకు ఎక్కువ నేర్పాయి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా గది కంప్యూటరు, బిల్లింగు నేను చూసుకుంటాను. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి సన్నాలు ట్రాక్టర్ల మీద వస్తాయి. బండి కాంటా ఎక్కి దిగాక రైతు చేతికి తక్‌పట్టీ ఇస్తాం: పేరు, ఊరు, బరువు, తేమ, ధర, అన్నీ ఒక థర్మల్ కాగితం ముక్క మీద. ఆ పట్టీ తీసే చిన్న పైథాన్ ప్రోగ్రాం నాదే. గడులు, గీతలు, వరుసలు సర్దే పని మాత్రం దాని కింద ఉన్న ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీది, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడుది.

ఊరి గడికి నేనిచ్చిన వెడల్పు ఎనిమిది. ఎనిమిది దాటితే లైబ్రరీ మిగతాది కోసేస్తుంది. చిక్కంతా అది దేన్ని ఎనిమిది అనుకుంటోందన్న దాంట్లోనే ఉంది. మన కంటికి త్రిపురారం నాలుగక్షరాలు. పైథాన్‌కు పది: త, పొల్లు, ర, గుడి, ప, కొమ్ము, ర, దీర్ఘం, ర, సున్నా. ఒక్కోటీ ఒక్కో యూనికోడ్ కోడ్ పాయింట్, అంటే ప్రపంచ లిపులకు నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో ఒక్కో నంబరు. ఎనిమిది దగ్గర కోస్తే మిగిలేది 'త్రిపురా'. వేములపల్లి కూడా పదే, అది 'వేములపల్' అయి కూర్చుంటుంది. నిడమనూరు సరిగ్గా ఎనిమిది కాబట్టి బతికిపోయింది. త్రిపురారం రైతు ఒకాయన పట్టీ అటూ ఇటూ తిప్పి చూసి, "వడ్లు నీ కాంటా మీదనే పోస్తి గద సారూ, నన్ను ఏ రాష్ట్రానికి పంపినవ్?" అన్నాడు. లైన్లో ఉన్నోళ్లంతా ఒకటే నవ్వు.

నా ప్రోగ్రాంలోనే ఒక అతుకు వేసుకుంటే మా మిల్లు వరకు పని జరిగిపోయేది, వేశాను కూడా. కానీ ఆ లైబ్రరీతో బెంగాలీలోనో ఒడియాలోనో రశీదులు కొట్టేవాళ్లకూ ఇదే తిప్పలు ఉంటుంది. అసలు చోటే సరిచేస్తే పోతుంది కదా అనిపించింది. తీరా చూస్తే ఆ అసలు చోట్లు మూడున్నాయి. ఒకటి నేను వాడుతున్న లైబ్రరీ, చిన్నది, పెద్ద సందడి లేనిది. రెండోది దాన్నే ఫోర్క్ చేసి, అంటే కాపీ తీసుకుని వేరు కుంపటి పెట్టి, "భారతీయ భాషలకు పూర్తి మద్దతు" అని పైన బోర్డు పెట్టుకున్నది. మూడోది ఒక కంపెనీ నడిపేది, అదే పని ఇంకా పెద్ద ఎత్తున చేస్తుంది, ఈ ప్రాజెక్టులన్నీ ఉండే గిట్‌హబ్ సైటులో దానికి వేల స్టార్లు. వీటి పేర్లు చెప్పను. చెబితే చర్చ పేర్ల మీదికి పోతుంది.

మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. విషయం చెప్పగానే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అన్నా, స్టార్లు ఎక్కువున్న దాంట్లనే చెయ్యి. రేపు రెజ్యూమెల గదే కనవడ్తది." వాడి లెక్క వాడిది. స్టారంటే ఒకడు ఒకసారి ఒక బొత్తాం నొక్కాడని మాత్రమే. ఆ నొక్కినవాడు తర్వాత ఆ కోడు వాడాడో లేదో అది చెప్పదు. డబ్బులకు స్టార్లు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. మా మిల్లులో ట్రాలీ పైపైన మెరిసే వడ్లు చూసి ఎవరూ ధర కట్టరు, మోచేతి దాకా చెయ్యి దించి అడుగు నుంచి గుప్పెడు తీస్తారు. నేనూ ఆ గుప్పెడే వెతికాను.

మొదట చూసింది ఫోర్క్‌ను. పేరులోనే మన భాషలున్నాయి, ఆశ పుట్టదా మరి. తెరిచి లైసెన్స్ ఫైలు కోసం చూస్తే లేదు. అసలు లైబ్రరీ ఎంఐటీ లైసెన్స్‌ది. ఆ లైసెన్స్ అడిగేది దాదాపు ఒక్కటే: కాపీ చేసుకో, మార్చుకో, అమ్ముకో, కానీ నా కాపీరైటు వాక్యం, ఈ లైసెన్స్ పాఠం కాపీల్లో ఉంచు. వీళ్లు ఆ ఫైలే తీసేశారు. పాత చరిత్ర తిరగేస్తే "అనవసర ఫైళ్లు తొలగింపు" అనే కమిట్‌లో (కోడులో నమోదైన ఒక్కో మార్పును అలా అంటారు) అది పోయినట్టు కనిపించింది. ప్రాజెక్టు పరిచయం రాసే రీడ్‌మీ ఫైలులో మాత్రం "అందరికీ ఉచితం" అని రాసుంది. ఉచితం అన్న మాట లైసెన్స్ కాదు. కోడు నలుగురికీ కనబడేలా పెట్టినంత మాత్రాన వాడుకునే హక్కు వచ్చినట్టు కాదు, లైసెన్స్ లేకపోతే అన్ని హక్కులూ రాసినవాళ్లవే. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం అక్కడే చూడొచ్చు, అక్కడే ఫోర్క్ చేసుకోవచ్చు, అంతే. "లైసెన్స్ ఏమిటో చెప్పండి" అని ఎవరో ఒక ఇష్యూ కూడా తెరిచారు. దాని కింద ఒక్క జవాబూ లేదు.

ఇది చట్టం చిక్కు మాత్రమే అయితే ఇంకో ఈమెయిల్ పెట్టి చూసేవాణ్ణేమో. ముందు రాసినాయన పేరు చెరిపేసిన చేతులు రేపు నా పేరునూ చెరిపేస్తాయి, అక్కడే మనసు విరిగింది. మూసేశాను.

తర్వాత స్టార్ల ప్రాజెక్టు. చూడ్డానికి భలే కళగా ఉంటుంది. కమిట్లు రోజూ పడుతూనే ఉన్నాయి, చివరిది ముందురోజుదే. కాస్త కిందికి జరిగి రాసినవాళ్ల పేర్లు చూస్తే పేజీకి పేజీ డిపెండాబాట్ అని ఉంది. అంటే వాడుతున్న ఇతర లైబ్రరీల వెర్షన్ నంబర్లు పెంచే బాటు, మనిషి కాదు, తనంతట తాను నడిచే ప్రోగ్రాం. దాన్ని పక్కన పెట్టి, గిట్ షార్ట్‌లాగ్‌తో గడిచిన ఏడాదిలో ఎవరెన్ని కమిట్లు చేశారో వేసి చూశాను. మనుషులు కొద్దిమందే, వాళ్లంతా ఆ కంపెనీ ఉద్యోగులే. అందులో తప్పేం లేదు, జీతమిచ్చి నడుపుకుంటున్నారు. బయటివాళ్ల పేర్లు ఎక్కడో ఒకటీ అరా, అవీ రీడ్‌మీలో అచ్చుతప్పులు దిద్దినవి.

ఇక్కడే మూసేసిన ఇష్యూలు, మూసేసిన పుల్ రిక్వెస్టులు (నా మార్పును మీ కోడులో కలుపుకోండి అని పంపేవి) చదవడం మొదలుపెట్టాను. తెరిచి ఉన్నవి ప్రాజెక్టు ఏం చేస్తానంటోందో చెబుతాయి, మూసినవి ఏం చేసిందో చెబుతాయి. మెర్జ్ అయినవి, అంటే కోడులో కలిసినవి, చదవడం తేలిక, అన్నీ "థాంక్స్" అనే ముగుస్తాయి. చూడాల్సినవి మెర్జ్ కాకుండా మూతపడ్డవి. వెతుకు పెట్టెలో బెంగాలీ, హిందీ, తమిళం, థాయ్ అని ఒక్కోటీ కొట్టుకుంటూ పోయాను. వాళ్లకు చదవడం రాని భాష మీద ఫిర్యాదు వచ్చినప్పుడు వాళ్లెట్లా మాట్లాడతారన్నదే నాకు ముఖ్యం. నేను పట్టుకుపోయేది తెలుగు కాబట్టి.

బెంగాలీ యుక్తాక్షరాలు విరిగిపోతున్నాయని ఒకరు ఇష్యూ పెట్టారు. ఫొటో పెట్టారు, నమూనా పాఠం పెట్టారు, ఏ వెర్షనో రాశారు. కింద ఇంకొందరు "మాక్కూడా" అన్నారు. మెయింటెయినర్లలో, అంటే ప్రాజెక్టు చూసుకునేవాళ్లలో, ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత స్టేల్ బాటు వచ్చి, చాలా రోజులుగా కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నామని రాసి మూసేసింది. ఈ బాటును మామూలుగా పెట్టుకుంటే 60 రోజులు ఎవరూ పలకకపోతే పాతబడిందని ముద్ర వేస్తుంది, ఇంకో 7 రోజులకు మూసేస్తుంది. ఇష్యూ పెట్టినాయన అదే విషయం మీద ఇంకోటి తెరిచాడు. దాన్నీ అలాగే మూసింది. మూడోసారి ఆయన రాలేదు. వేల ఇష్యూలున్నచోట బాటు లేకుండా నడవదని నాకూ తెలుసు, నేనేం తప్పుపట్టను. కానీ మనిషి చూసి "ఇది మేం చెయ్యం" అని చెప్పడం ఒకటి, ఎవరూ చూడకుండానే గడువు తీరిపోవడం ఇంకోటి. మొదటిది నాకు ఇబ్బంది లేదు.

ఇంకో విషయం. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెట్టగానే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టమంటుంది, కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్ అని. అలాంటి ఒప్పందం కనబడగానే పారిపోనక్కర్లేదు, ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే అపాచీ ఫౌండేషన్ కూడా తీసుకుంటుంది. ఎవరి చేతికి ఏ హక్కు పోతోందో మాత్రం చదవాలి. ఈ కంపెనీ ఒప్పందంలో, మనమిచ్చిన కోడును రేపు వేరే ఏ లైసెన్స్ కింద అయినా మార్చుకునే హక్కు వాళ్లకే ఉంటుందని ఉంది. ఇది ఊహల్లో సంగతి కాదు. హాషికార్ప్ కంపెనీ 2023 ఆగస్టులో తన టెర్రాఫామ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి, వ్యాపార వాడకానికి షరతులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు మార్చింది, అది నచ్చనివాళ్లు ఫోర్క్ చేసుకున్నదే ఓపెన్‌టోఫు. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేసు లైసెన్స్ మారితే అలాగే వాల్కీ అనే ఫోర్క్ పుట్టింది. మార్చుకుంటే మార్చుకుంటారు, అది వాళ్ల వ్యాపారం. నా రాత్రుల పని వాళ్ల వ్యాపారంలోకి పోవాలా అన్నది నా ఇష్టం కదా. నేను వద్దనుకున్నాను. ఇంకొకరికి అది పెద్ద విషయం కాకపోవచ్చు.

నిజానికి ఆ ఒప్పందం దాకా పోకముందే మా ఇంటి నెట్టు తీర్పు చెప్పేసింది. ఆ ప్రాజెక్టు టెస్టులు నడపాలంటే ముందు కొన్ని జీబీల డాకర్ ఇమేజులు, అంటే కావలసిన సాఫ్ట్‌వేరంతా కట్టిన మూటలు, దించుకోవాలి. నాది ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 2 జీబీల ప్యాక్. క్లోన్ వరకైతే, అంటే కోడు కాపీ దించుకోవడానికైతే, డెప్త్ 1 అని ఇచ్చి పాత చరిత్రంతా వదిలేసి కొంచెమే దించుకోవచ్చు, ఇమేజులకు ఆ వాటం లేదు. కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో కూర్చుని చేసేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. చిన్న ఊళ్ల నుంచి చేసేవాళ్లు మాత్రం మొదటిరోజే చూసుకోవాలి: మన మెషీన్లో, మన నెట్టుతో, రీడ్‌మీలో రాసినట్టే చేస్తే టెస్టులు నడుస్తున్నాయా లేదా.

మిగిలింది అసలు లైబ్రరీ. చివరి కమిట్ నెలల కిందటిది. స్టార్లు తక్కువ. షార్ట్‌లాగ్ వేస్తే దాదాపు అంతా ఒక్కడే. మామూలుగా ఇచ్చే సలహా ప్రకారమైతే ఇదే ముందు కొట్టెయ్యాల్సినది. ఒక్కడి మీద నడిచే ప్రాజెక్టు, ఆయన మానేస్తే పోయినట్టే అంటారు. నిజమే. కానీ రశీదు మీద గడులు సర్దే లైబ్రరీకి రోజూ కమిట్లెందుకు? పని పూర్తయిన కోడు ఊరకే ఉంటుంది. ఉలుకూపలుకూ లేకపోవడం, చచ్చిపోవడం ఒకటి కాదు. తేడా తెలియాలంటే మనిషిని కదిలించినప్పుడు పలుకుతున్నాడా అన్నది చూడాలి. ఇష్యూల్లో ఆయన జవాబులు ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. ఒకచోట "ఈ నెల ఇంట్లో పని ఉంది, వచ్చే నెల చూస్తా" అని రాశాడు, వచ్చే నెల చూశాడు కూడా. తేదీలు పోల్చి చూశాను.

ఆయన తిరస్కరించిన పుల్ రిక్వెస్టుల్లో ఒకటి నన్ను పట్టేసింది. థాయ్ భాషలో వరుస ఎక్కడ విరగాలో తేల్చే కోడు ఒకరు పంపారు. థాయ్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు, ఎక్కడ పదం ముగిసిందో తెలియాలంటే నిఘంటువు కావాలి. పంపినాయన ఒక పెద్ద నిఘంటువు లైబ్రరీని కలిపేశాడు. మెయింటెయినర్ వద్దన్నాడు. ఎందుకు వద్దంటున్నాడో మాత్రం పేరా పేరాగా రాశాడు: చిన్న మెషీన్లలో వాడేవాళ్లు ఉన్నారు, అంత బరువు అందరి మీదా వెయ్యలేను, కావలసినవాళ్లు బయటి నుంచి తగిలించుకునేలా ఈ ఫంక్షన్ దగ్గర ఒక కొక్కెం ఇస్తాను. ఆ కొక్కెం తనే రాశాడు. అంతటితో ఆగకుండా, థాయ్ నమూనా పాఠాన్ని టెస్టుల్లో పెట్టి, "ఇది ప్రస్తుతం తప్పుగా వస్తుంది, మాకు తెలుసు" అన్నట్టు ఎక్స్‌పెక్టెడ్ ఫెయిల్యూర్ గుర్తు వేశాడు. తనకు రాని భాషలో, తను తీసుకోని కోడు విషయంలో, తన ప్రోగ్రాం తప్పును అందరికీ కనబడేలా రాసిపెట్టుకున్నాడు. నాకు ఇంకే లెక్కా అక్కర్లేకపోయింది.

అయినా ఒక్కడే మెయింటెయినర్ అన్నది మర్చిపోకూడదు. 2024 మార్చి చివర్లో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం) వ్యవహారం గుర్తుండే ఉంటుంది. దూరంగా ఉన్న కంప్యూటరులోకి పోయే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే, లోపల దొంగదారి బయటపడింది. అలసిపోయిన ఒక్క మెయింటెయినర్ చుట్టూ చేరి, మంచిగా పాచ్‌లు పంపుతూ, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి, జియా టాన్ అనే పేరుతో ఉన్నవాళ్లు చేసిన పని అది. అందరూ దాంట్లోంచి "ఒంటరి ప్రాజెక్టులు ప్రమాదం" అన్న మాటే తీసుకున్నారు. నాకు ఇంకో వైపు కనిపించింది. మిర్యాలగూడ నుంచి ఎవడో తెలియనివాడు ఒంటరి మెయింటెయినర్ తలుపు తడితే, అనుమానించడం ఆయన హక్కు. నేను ఆయన్ను తూచుతున్నానంటే ఆయనా నన్ను తూచుతాడు. దానికి తోడు చెత్త బెడద. 2020లో, ఓపెన్ సోర్స్‌కు కోడు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే అక్టోబరు కార్యక్రమంలో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో ఒక పదం మార్చి పంపిన పుల్ రిక్వెస్టులు కుప్పలు పడితే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క అని నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఏఐతో రాయించిన కోడు సంగతి చెప్పనే అక్కర్లేదు, జెంటూ లినక్స్ లాంటి ప్రాజెక్టులు 2024లోనే వద్దని తేల్చేశాయి. నేను చేరబోయే చోట కోడు పంపేవాళ్లకు నియమాలు రాసే కాంట్రిబ్యూటింగ్ ఫైలులో దీనిమీద ఏం రాశారో అందుకే ముందు చూశాను. "వాడితే వాడండి, అడిగినదానికి మీరే జవాబు చెప్పాలి" అని ఉంది. న్యాయమే అనిపించింది.

ఒప్పందం లాంటిదేమీ లేదు, కమిట్ కింద సైన్డ్ ఆఫ్ బై అనే ఒక వరుస చాలు. ఇది నా పని, ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పడం అది. లినక్స్ కెర్నెల్ వాళ్లు 2004లో మొదలుపెట్టిన పద్ధతి.

కోడు పంపకుండా ముందు ఒక ఇష్యూ పెట్టాను. త్రిపురారం, వేములపల్లి, కొండమల్లేపల్లి, లక్ష్మి, ఈ నాలుగు పేర్లు, ఒక్కోటీ ఎక్కడ తెగుతోందో, ఎలా రావాలో. లక్ష్మి మనకు రెండక్షరాలే, అందులో క్ష్మి ఒక్కటే ఆరు కోడ్ పాయింట్లు. జవాబు తెల్లారి వచ్చింది. అందులో నేను అనుకోని ప్రశ్న ఉంది: "కోడ్ పాయింట్లు వదిలేసి అక్షరాలు లెక్కబెడతాం సరే, ఎనిమిది అక్షరాలూ కాగితం మీద ఒకే వెడల్పు ఉంటాయా?" ఉండవు. థర్మల్ ప్రింటరులో మామూలుగా తెలుగు ఫాంటు ఉండదు కాబట్టి ఎలాగూ బొమ్మగా గీసే పంపుతాం, అలాంటప్పుడు అక్షరాల లెక్కతో పనేముంది? గీసినప్పుడు ఎన్ని చుక్కల వెడల్పు వచ్చిందో కొలిచి, పట్టేదాకా చివరి నుంచి ఒక్కో అక్షరం తీసెయ్యాలి. తీసేటప్పుడు మాత్రం అక్షరం మధ్యలో విరగకూడదు. ఆ విరగకూడని చోట్లు చెప్పే యూనికోడ్ సూత్రం కూడా మొన్నమొన్నటిది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ దాకా ల్లి అన్నది ల్, లి అని రెండు ముక్కలుగానే లెక్క. తెలుగు, హిందీ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం వత్తులను ఒక్కటిగా ఉంచాలని అందులో చేర్చారు. అందుకే అక్షరాలు విడగొట్టడానికి మేం ఆధారపడే ఇంకో లైబ్రరీ కనీసం ఆ వెర్షన్‌ది కావాలని షరతు పెట్టుకున్నాం.

రాసిన కోడు కొద్దిదే. రెండుసార్లు మార్చమన్నాడు, ఒకటి నా వేరియబుల్ పేర్ల గురించి, అది నాకు నచ్చలేదు గానీ మార్చాను. మెర్జ్ అయ్యింది.

మా మిల్లు సారుకు చెబితే, "ఇన్ని రాత్రులు కూసున్నవ్, ఎంతిచ్చిండ్రు?" అన్నాడు.

"ఏమియ్యరు సార్."

"మల్లేంది ఫాయిద?"

"ఊరి పేరు మంచిగొస్తది సార్ పట్టీ మీద."

ఆయన కాసేపు చూసి, బస్తాల లెక్క చెప్పమన్నాడు.

చేరేముందు చూసినవాటిలో ఒకటి మిగిలింది: రిలీజుల పేజీ. మెర్జ్ కావడం వేరు, అది వాడేవాళ్ల చేతికి రావడం వేరు. కొన్ని ప్రాజెక్టుల్లో రెండేళ్ల కింద కలిసిన మార్పు కూడా ఏ వెర్షన్‌లోనూ ఉండదు. ఇక్కడ తేదీలు చూస్తే వానాకాలం పంటకొకటి, యాసంగికొకటి అన్నట్టు రిలీజులు పడుతున్నాయి, ఆలస్యమైనా ఆగలేదు. అప్పటిదాకా కాంటా కంప్యూటరులో ఆ కమిట్ నంబరుకే కట్టేసి నేరుగా గిట్ నుంచి ఇన్‌స్టాల్ చేశాను. నేను సెలవులో ఉన్నప్పుడు మెషీన్ మొరాయిస్తే రెండో షిఫ్టు తమ్ముడు మళ్లీ ఎక్కించుకునేలా ఆ నంబరు, కొట్టాల్సిన కమాండు ఒక కాగితం మీద రాసి సీపీయూకు అంటించాను.